దారాలక్క కాపలా కాసిన పెట్టె

"దారాలక్క ఉమ్మితడి మీదే ఈ కార్ఖానా నడుస్తోంది" అని యంత్రం నడిపే మాస్టారు రోజుకొకసారైనా అనేవాడు. అందులో అతిశయోక్తి తక్కువే. అది పన్నెండు తలల ఎంబ్రాయిడరీ యంత్రం. ఒక్కో తలకు తొమ్మిది సూదులు, ఒక్కో సూదికి ఒక రంగు దారం. ఎక్కడ ఏ దారం తెగినా పన్నెండు తలలూ ఒక్కసారిగా ఆగిపోతాయి. తెగిన చోట ఎర్రదీపం వెలుగుతుంది. దారాలక్క లేచి వెళ్లి, దారం కొసను నాలుకతో తడిపి, వేళ్ల మధ్య సన్నగా నలిపి, బెజ్జంలోకి పంపుతుంది. యంత్రం కదులుతుంది. ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుంటుంది. మరో దారం తెగుతుంది. ఆమె పని అదే. ఆమె వయసంతా ఆ స్టూలుకీ ఆ దీపాలకీ మధ్యనే గడిచింది.

స్టూలు దక్కడానికి ముందు ఆమె అదే హాల్లో నేల మీద కూర్చుని, కుట్టు పూర్తయిన బట్టల వెనకవైపు వేలాడే దారపు ముక్కలు కత్తిరించేది. తల్లి పోయేనాటికి తమ్ముడికి ఇంకా నిక్కరు బొత్తాలు పెట్టుకోవడం రాదు. తండ్రి లారీల మీద తిరిగే మనిషి. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. కొన్నాళ్లకు రావడం పూర్తిగా మానేశాడు. ఆమె బడి మాని, తమ్ముణ్ని చంకన వేసుకుని కార్ఖానాకు వచ్చింది. బట్టల మూటల మీద పడుకోబెట్టి పని చేసుకునేది. యంత్రం చప్పుడు ఉన్నంతసేపూ వాడు హాయిగా నిద్రపోయేవాడు. కరెంటు పోయి చప్పుడు ఆగిందో, ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకునేవాడు.

వాడికి "రాకెట్" అని పేరు పెట్టింది మాస్టారు. నడకలో గాని, మాటలో గాని, తిండిలో గాని తొందర అన్నది వాడి ఒంట్లో లేదు. పెద్దవాడయ్యాక కార్ఖానా మూటలను తోపుడు బండి మీద దుకాణాలకు చేరవేసే పని దొరికింది. "రాకెట్ బయల్దేరుతున్నాడంట. రేపటి మూట కూడా ఇప్పుడే కట్టేయండి," అనేవాడు మాస్టారు. రాకెట్‌కు కోపం వచ్చేది కాదు. బండి పట్టుకుని నిలబడి, చాలాసేపు ఆలోచించి, "తొందరగా వెళ్తే తొందరగా రావాలి కదా మామా. వస్తే మళ్లీ నీ మొహమే చూడాలి," అనేవాడు. అప్పటికి అందరూ ఆ సంగతి మర్చిపోయి వేరే మాటల్లో పడిపోయి ఉండేవారు.

దారాలక్కకు ఈ ప్రపంచంలో ఇద్దరు శత్రువులు. ఒకటి నాసిరకం దారం, రెండోది కరెంటు కోత. ఆ యంత్రం పాతది. బొమ్మ సగంలో ఉండగా కరెంటు పోతే, తాను ఏ కుట్టు దగ్గర ఆగిందో మర్చిపోతుంది. మళ్లీ మొదలుపెట్టించాలంటే మాస్టారు కళ్లతో అంచనా వేసి సూదిని ఆ చోటికి తీసుకువెళ్లాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా బట్ట మొత్తం పాడవుతుంది. ఒకసారి ఎవరో ఆటల సంఘంవాళ్లు చొక్కాల వీపుల మీద రెక్కలు విప్పిన గద్ద బొమ్మ కుట్టమన్నారు. కుడి రెక్క నడుస్తుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక మాస్టారు ఎంత జాగ్రత్తపడినా రెక్క కిందికి జారింది. పన్నెండు తలలు గనుక పన్నెండు చొక్కాల మీదా ఒకే విధంగా, ఒకే కొలతతో జారింది. ఆ చొక్కాలు ఎవరూ కొనలేదు. యజమాని వాటిని పనివాళ్లకు, ఎదురుగా ఉన్న టీకొట్టువాళ్లకు, మూటలు దించే కూలీలకు పంచేశాడు. ఒకటి రాకెట్‌కు వచ్చింది.

"అది కుంటి గద్దరా, వేసుకోకు. నవ్వుతారు," అంది దారాలక్క.

రాకెట్ అద్దంలో వీపు చూసుకోవడానికి మెడ తిప్పి, తిప్పి, "దిగుతోందక్కా. దిగేటప్పుడు గద్ద రెక్క అలాగే పెడుతుంది. నువ్వు ఎప్పుడైనా చూశావా?" అన్నాడు.

ఆమె చూడలేదు. వాడు ఆ చొక్కా ఉతికి ఆరేసుకుని మళ్లీ అదే వేసుకునేవాడు.

ఆ చొక్కాయే వాణ్ని పట్టించింది. రెండు వీధుల అవతలి సెల్‌ఫోన్ల దుకాణంలోకి ఒక మధ్యాహ్నం ఎవడో వచ్చి, ఫోను చూపించమని అడిగి, చేతికివ్వగానే పరుగందుకున్నాడు. అడ్డుపడిన దుకాణదారును తోసేశాడు. అతను మెట్ల మీద పడితే భుజం ఎముక విరిగింది. పారిపోతున్నవాడి ముఖం అతను చూడలేదు, వీపు చూశాడు. వీపు మీద గద్ద ఉంది. పోలీసులు వీధిలో గద్ద కోసం వెతికారు. మర్నాడు ఉదయం తోపుడు బండి వెనక, అందరికీ కనబడేట్టు, తాపీగా నడిచిపోతున్న గద్ద వాళ్లకు దొరికింది. స్టేషన్లో కూర్చోబెట్టిన ఆ ఒక్క మనిషిని, అదే చొక్కాతో, దుకాణదారుకు చూపించి "వీడేనా?" అని అడిగారు. అతను చొక్కాను గుర్తుపట్టాడు. వాళ్లు మనిషిని గుర్తుపట్టినట్టు రాసుకున్నారు. పన్నెండు చొక్కాలు ఊళ్లో తిరుగుతుండగా ఒక్క చొక్కాను మాత్రమే పట్టుకోవడాన్ని దర్యాప్తు అనరు. ఆ మిగతా పదకొండు ఎక్కడున్నాయని ఎవరూ, ఎన్నడూ అడగలేదు.

సంగతి తెలిసి స్టేషన్‌కు పరుగెత్తిన దారాలక్క, అధికారి చెప్పింది విని ముందు నవ్వింది. ఆ నవ్వు ఆమెకు మేలు చేయలేదు.

"వాడు పరుగెత్తాడా సార్? మా వాడా? వాడు ఎక్కేలోపు బస్సు రెండు చక్కర్లు కొట్టి వస్తుంది సార్. ఒక్కసారి మీరే పరుగెత్తించి చూడండి. మీకే జాలేస్తుంది."

"ఇది నవ్వులాట కాదమ్మా. నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నాడు?"

"కార్ఖానాలోనే ఉంటాడు సార్. అన్నం తిన్నాక అట్టపెట్టెల మీద కూర్చుంటాడు. రోజూ అంతే."

"రోజూ సంగతి కాదు. నిన్న. నువ్వు చూశావా?"

ఆమె చూడలేదు. నిన్న మధ్యాహ్నం ఆమె ఒక పాత దారపు రంగుకు సరిపోయే కండె కోసం దుకాణాల వెంట తిరుగుతోంది. యజమాని వసూళ్ల మీద బయటికి వెళ్లాడు. మాస్టారు హాల్లోనే ఉన్నాడు గాని యంత్రం వైపు తిరిగి ఉన్నాడు. అట్టపెట్టెలు ఆయన వీపు వెనక ఉంటాయి. "ఉండే ఉంటాడండి, రోజూ ఉంటాడుగా" అని మాత్రమే ఆయన చెప్పగలిగాడు. రోజూ ఉండే మనిషికి ఒకానొక రోజున ఉన్నానని రుజువు చేసుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

కానీ హాల్లో కెమెరా ఉంది.

దారపు కండెలు మాయమవుతున్నాయని అనుమానం వచ్చి యజమాని కిందటేడు నాలుగు కెమెరాలు పెట్టించాడు. వాటి తీగలన్నీ ఆయన అద్దాల గదిలో బీరువా మీద ఉన్న ఒక నల్లటి పెట్టెలోకి వెళ్తాయి. దారాలక్క స్టేషన్ నుంచి తిరిగి వచ్చిన వెంటనే ఆమె, మాస్టారు, యజమాని ముగ్గురూ ఆ గదిలో చేరారు. యజమాని మౌసు పట్టుకుని తేదీ, గంట వెతికాడు. టీవీ తెర మీద మూడో కెమెరా చూసిన దృశ్యం నిండుగా తెరుచుకుంది.

రాకెట్ అట్టపెట్టెల మీద కూర్చుని అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

తెర మూలన గంటలు, నిమిషాలు నడుస్తున్నాయి. రెండు వీధుల అవతల ఎవడో ఫోను లాక్కుని పరుగెత్తిన సమయం సరిగ్గా అదే. ఆ సమయంలో రాకెట్ లేచాడు. ఒళ్లు విరుచుకున్నాడు. వీపు తిప్పాడు, జారిన రెక్కతో సహా గద్ద స్పష్టంగా కనబడింది. నీళ్ల క్యాను దాకా నడిచాడు. గ్లాసు కడిగాడు. తాగాడు. ఇంకొంచెం పట్టుకున్నాడు. తిరిగి వచ్చి కూర్చున్నాడు.

"అదిగో మన దొంగ. పారిపోతున్నాడు చూడండి," అన్నాడు మాస్టారు. ముగ్గురూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. దారాలక్క తెర మీద తమ్ముడి ముఖాన్ని కొంగుతో తుడిచింది, దుమ్ము పట్టి ఉందని.

ఆ గంటసేపటి దృశ్యాన్ని యజమాని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. ఇలాంటి రికార్డర్లలో కొన్ని పెన్‌డ్రైవ్‌ను తమ పద్ధతిలో తామే సిద్ధం చేసుకుని, తమకు మాత్రమే అర్థమయ్యే అమరికలో రాస్తాయి. అదే కంపెనీ పెట్టెకో, అదే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్‌కో తప్ప ఇతరులకు అది చదవడం రాదు. దృశ్యం ఉంటుంది, భాష వేరు. ఈ సంగతి యజమానికి తెలియదు. స్టేషన్లో కంప్యూటర్ ముందు కూర్చునే కానిస్టేబుల్‌కూ తెలియదు. అతను మంచివాడే. దారాలక్కకు కుర్చీ చూపించాడు, పెన్‌డ్రైవ్ గుచ్చాడు. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: దీన్ని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? అతను సరేనన్నాడు. కంప్యూటర్ ఏ ప్రశ్న అడిగినా సరే అనడమే అతనికి అలవాటు. సరే అనకపోతే పని ముందుకు సాగదని అతని అనుభవం. ఆకుపచ్చ గీత ఒకటి ఈ చివరి నుంచి ఆ చివరికి పాకి, ఉన్నదంతా తుడిచిపెట్టింది.

"ఇందులో ఏమీ లేదమ్మా. ఖాళీగా ఉంది," అన్నాడతను. అప్పటికి ఆ మాట నిజమే.

"నేను చూశాను సార్! వాడు పళ్లు కుట్టుకుంటున్నాడు."

అధికారి తల ఎత్తాడు. "కళ్లతో చూశావా?"

"చూశాను సార్, టీవీలో."

"టీవీలో కాదమ్మా. కళ్లతో."

"టీవీని కళ్లతోనే చూస్తారు కదా సార్."

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అధికారికీ నవ్వు వచ్చింది. నవ్వు వచ్చినందుకేమో, గొంతు కొంచెం మెత్తబరిచాడు. "చూడమ్మా, అసలుది ఆ పెట్టెలో ఉంది కదా? ఉండనీ. మేమే వచ్చి తీసుకెళ్తాం. అప్పటిదాకా దాన్నెవరూ ముట్టుకోకండి. మళ్లీ మళ్లీ కాపీలు తీస్తే మీరే ఏదో మార్చారంటారు. అప్పుడు మీ ఓనరు మీద కూడా కేసవుతుంది."

చట్టప్రకారం ఆ పెట్టెను స్వాధీనం చేసుకోవలసిన బాధ్యత అతనిది. నిందితుడు తన నిర్దోషిత్వానికి ఆధారం ఫలానా చోట ఉందని చెప్పినప్పుడు, దర్యాప్తు అధికారి వెళ్లి దాన్ని చూడాలి. వీలైనప్పుడు కాదు, వెంటనే చూడాలి. కార్ఖానా స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరం. అతను ఆ రోజు రాలేదు. తర్వాత బందోబస్తు పని పడింది. తర్వాత ఇంకో కేసు. దారాలక్క వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డప్పుడల్లా "వస్తామన్నాం కదమ్మా" అనేవాడు. ఒకసారి మాత్రం, "పెట్టె భద్రంగానే ఉందా?" అని అడిగాడు.

"భద్రంగా ఉంది సార్. నేను చూసుకుంటున్నాను."

ఆమె చూసుకున్న తీరు చెప్పాలి.

అధికారి అన్న మాటను దారాలక్క వచ్చి యజమానికి చెప్పింది. తన మీద కేసంటే ఆయనకు భయం. మౌసును సొరుగులో పెట్టి తాళం వేశాడు. దారాలక్కకు మాత్రం భయం వేరే చోట ఉంది. యంత్రం దగ్గర అన్నేళ్లు కూర్చుని ఆమె నేర్చుకున్న చదువు ఒక్కటే: కరెంటు పోతే జ్ఞాపకం పోతుంది. ఒక గద్ద రెక్క మర్చిపోయిన యంత్రాన్ని ఆమె కళ్లారా చూసింది. ఈ నల్లపెట్టె కూడా అలాగే మర్చిపోతే? మాస్టారిని అడిగితే ఆయనా తల ఊపాడు. "నిజమే సుమా. ఆపకూడదు." యజమానీ అదే అనుకున్నాడు. అక్కడ ఎవరిని అడిగినా అదే చెప్పేవారు. అందరూ ఒకే బడిలో చదివినవాళ్లు.

నల్లపెట్టె స్వభావం దానికి పూర్తిగా వ్యతిరేకం. అందులో ఒక హార్డ్‌డిస్క్ ఉంటుంది. నాలుగు కెమెరాలు చూసిందంతా అంకెలుగా మారి దాని మీద పడుతుంది. కరెంటు పోతే ఆ అంకెలు ఎక్కడికీ పోవు. ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. కరెంటు ఉంటేనే వాటికి ప్రమాదం. ఎందుకంటే డిస్క్‌కు ఒక హద్దు ఉంది. దాని మీద రెండు వారాల పైచిలుకు కాలం పడుతుంది. నిండిన తర్వాత పెట్టె ఎవరినీ అడగదు. అన్నిటికంటే పాత గంటను చెరిపి, ఆ చోట కొత్త గంటను రాసుకుంటుంది. ప్లగ్గు పీకేసి ఉంటే రాకెట్ పళ్లు కుట్టుకుంటూ అలాగే కూర్చుని ఉండేవాడు. పెట్టె నడుస్తున్న ప్రతి గంటా వాడి వైపు ఒక గంట దగ్గరగా జరుగుతూ వచ్చింది.

దారాలక్క ఆ పెట్టె ప్లగ్గును కార్ఖానా ఇన్వర్టర్‌కు మార్పించింది. ఎర్రగుడ్డ మీద తెల్లదారంతో "ఆపవద్దు" అని కుట్టిపెట్టమని మాస్టారిని అడిగింది. ఒకటి చాలంటే, మిగతా తలలు ఆపడానికి బద్ధకించి ఆయన పన్నెండూ నడిపించాడు. "ఉండనీ అక్కా, ఎక్కడెక్కడ కావాలో అక్కడ కట్టుకో." ఆమె ఒకటి పెట్టె మీద కప్పింది, ఒకటి ప్లగ్గుకు కట్టింది, ఒకటి మెయిన్ స్విచ్‌కు, ఒకటి ఇన్వర్టర్ మీటకు. మిగిలినవి ఇంటికి తీసుకెళ్లి రాకెట్ బట్టల మధ్య పెట్టింది, ఎందుకో ఆమెకే తెలియదు.

రాకెట్‌ను రిమాండుకు పంపాక, జైల్లో ములాఖత్ గదిలో ఇనుప జాలీ అవతల వాడు కనబడ్డప్పుడు ఆమె మొట్టమొదట చెప్పింది ఇదే.

"నిన్ను చూశాన్రా. టీవీలో. అంతా ఉంది."

రాకెట్ చాలాసేపు ఆలోచించాడు. "బాగున్నానా?"

"పళ్లు కుట్టుకుంటున్నావు. సిగ్గులేదు, కెమెరా ఉందని తెలిసి కూడా."

"ముందే చెప్తే తల దువ్వుకునేవాణ్ని కదా." వాడు జాలీకి వేలు ఆనించాడు. "ఎప్పుడు వదులుతారక్కా?"

"ఆ పెట్టె వాళ్లు తీసుకెళ్లగానే. నేను కాపలా కాస్తున్నాను కదా. నువ్వు అన్నం సరిగా తింటున్నావా?"

"తింటున్నాను. ఇక్కడందరూ నాకంటే ముందే తినేసి లేచిపోతున్నారు. అదొక్కటే ఇబ్బంది."

తర్వాతి వారంలో ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది, ఎంతకీ రాలేదు. ఇన్వర్టర్ కూత మొదలుపెట్టింది. దారాలక్క లేచి హాల్లో పంకాలన్నీ ఆపేసింది. దీపాలు ఆపేసింది. మాస్టారి టేబుల్ ఫ్యాను కూడా పీకేసింది. మిగిలిన చార్జింగంతా ఆ పెట్టెకూ కెమెరాలకూ వదిలేసింది. చీకటి హాల్లో దారాలు కత్తిరించే ఆడవాళ్లు చెమటతో తడిసిపోయి అట్టముక్కలతో విసురుకున్నారు.

"నీ తమ్ముడు బయటికొచ్చాక వాడి చేత మా అందరికీ విసనకర్రలు విసిరిస్తాం," అంది వాళ్లలో పెద్దామె.

"వాడు విసిరితే గాలి ఎల్లుండికి వస్తుంది పిన్నీ," అన్నాడు మాస్టారు.

ఎవరూ విసుక్కోలేదు. ఆ ఉక్కలో అందరూ కలిసి, ఇష్టపూర్వకంగా, తమ వంతుగా రాకెట్‌ను కాపాడుతున్నామనే అనుకున్నారు.

ఆ వారాంతంలో కార్ఖానాకు సెలవులు వచ్చాయి. సెలవులకు తాళం వేసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేయడం యజమానికి ఆనవాయితీ. ఆయన చెయ్యి స్విచ్ దాకా వెళ్లింది. అక్కడ ఎర్రగుడ్డ వేలాడుతోంది. దారాలక్క వచ్చి చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

"సార్, మీకు దణ్ణం పెడతాను. ఇదొక్కటి ఉంచండి."

"షార్ట్ సర్క్యూట్ అయితే ఎవరమ్మా జవాబుదారీ?"

"నేనే రోజూ వచ్చి కిటికీలోంచి చూసి వెళ్తాను సార్."

ఆయన ఒప్పుకున్నాడు. మూసిన కార్ఖానాలో నాలుగు కెమెరాలూ ఖాళీ హాలును చూస్తూ కూర్చున్నాయి. కదలని యంత్రం, మూట కట్టిన బట్టలు, ఎవరూ కూర్చోని అట్టపెట్టెలు. ఆమె రోజూ వచ్చి కిటికీ చువ్వలు పట్టుకుని, గుడ్డ అంచు కింద పెట్టె నీలిదీపం వెలుగుతోందని చూసుకుని, తృప్తిగా తిరిగి వెళ్లింది. ఆ ఖాళీ గంటలు ఒకదాని తర్వాత ఒకటి, పాత గంటల మీద ఎక్కి కూర్చున్నాయి. ఆ సెలవుల్లోనే ఏదో ఒక గంట, రాకెట్ నీళ్లు తాగి వచ్చి కూర్చున్న గంటను చెరిపేసింది. ఏ గంటో చెప్పే ఆధారం లేదు.

రెండోసారి రిమాండు పొడిగించిన తర్వాత గాని రాకెట్‌కు న్యాయసహాయ కేంద్రం నుంచి న్యాయవాది దొరకలేదు. ఆమె చిన్న వయసు మనిషి. దారాలక్క చెప్పిందంతా విని, "ఆ పెట్టె ఇంకా నడుస్తోందా?" అని అడిగింది.

"ఒక్క క్షణం ఆపలేదమ్మా," అంది దారాలక్క గర్వంగా.

న్యాయవాది లేచి, కెమెరాలు బాగుచేసే ఒకతన్ని వెంటబెట్టుకుని నేరుగా కార్ఖానాకు వచ్చింది. అతను ఎర్రగుడ్డ తీసి పక్కన పెట్టి, సొరుగులోంచి మౌసు తెప్పించుకుని, కేలండర్ తెరిచాడు. రికార్డింగు ఉన్న తేదీలు తెర మీద నీలంగా ఉన్నాయి. అంతకు ముందువి బూడిదరంగులో ఉన్నాయి. వాళ్లకు కావలసిన తేదీ బూడిదరంగులో ఉంది.

"ముందుది లేదండి," అన్నాడతను న్యాయవాదితో, మెల్లగా.

"లేకపోవడమేంటి? నేను చూశాను," అంది దారాలక్క. "సార్ చూశారు. మాస్టారు చూశారు. అందరం నవ్వాం కూడా."

"ఉండేదమ్మా. దాని మీద కొత్తది రాసేసుకుంది."

ఆమె ఆ మాటను కాసేపు చేతిలో దారంలా నలిపింది. "మీద కుడితే కిందిది పోదు కదా బాబూ? పైన ఎంత కుట్టినా అడుగున పాత దారం ఉంటుంది. ఓపిగ్గా ఊడదీస్తే వస్తుంది. నేను ఊడదీస్తాను. ఎన్ని రోజులైనా కూర్చుంటాను."

"ఇందులో అలా ఉండదమ్మా. ఊరికే తీసేసినదైతే వెతికి తీయొచ్చు. దాని మీద ఇంకోటి రాసేస్తే అడుగున ఏమీ మిగలదు."

హాల్లో యంత్రం నడుస్తోంది. ఎక్కడో దారం తెగి ఆగింది. దారాలక్క లేవలేదు. ఎర్రదీపం అలాగే వెలుగుతూ ఉంది. మాస్టారు పిలవలేదు.

"ఆపేసి ఉంటే?" అని అడిగింది ఆమె.

కెమెరాలు బాగుచేసే మనిషి కేలండర్ మూసేశాడు. యజమాని గోడ వైపు చూశాడు. న్యాయవాది ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, వేయలేక, ఎర్రగుడ్డను మడత పెట్టడం మొదలుపెట్టింది.

దర్యాప్తు అధికారి ఆ తర్వాత కార్ఖానాకు వచ్చాడు. పెట్టెను పరిశీలించాడు. సదరు తేదీకి సంబంధించి ఎటువంటి రికార్డింగూ లేదని నివేదిక ఇచ్చాడు. ఆ నివేదికలో అబద్ధం లేదు. కానిస్టేబుల్ ఖాళీగా ఉందన్న మాటలో అబద్ధం లేదు. పోలీసులు వచ్చేదాకా ముట్టుకోవద్దన్న ఆదేశంలోనూ తప్పు పట్టడానికి వీల్లేదు. ఒక్క అబద్ధం కూడా చెప్పకుండా, ఒక్క చట్టాన్ని కూడా బాహాటంగా ఉల్లంఘించకుండా, ఒక మనిషి నిర్దోషిత్వాన్ని లోకంలో లేకుండా చేశారు. ఎవరి మీద ఫిర్యాదు చేయాలని న్యాయవాది ఎన్ని రకాలుగా ఆలోచించినా, ఆలస్యాన్ని నేరంగా పేర్కొన్న సెక్షన్ ఆమెకు దొరకలేదు. నివేదిక చివర అధికారి ఒక వాక్యం చేర్చాడు: పెట్టె నిరంతరాయంగా పనిచేసినట్టు సాక్షులు ధ్రువీకరించారు. ఆ సాక్షి దారాలక్కే.

బెయిలు రాలేదు. విచారణ మొదలవడానికి చాలా కాలం పడుతుందన్నారు. ఈలోగా ప్రభుత్వ న్యాయవాది నుంచి ఒక ప్రతిపాదన వచ్చింది. నేరం ఒప్పుకుంటే ఇప్పటిదాకా లోపల ఉన్న కాలాన్నే శిక్షగా లెక్కగట్టి వదిలేస్తారు. ఒప్పుకోకపోతే లోపలే ఉండి, ఎప్పుడో జరిగే విచారణలో, రోజూ ఉండే మనిషి ఆ రోజూ ఉన్నాడని మాస్టారి చేత చెప్పించుకోవాలి. పెట్టెలో దృశ్యమే లేనప్పుడు, టీవీలో చూశామన్న మాట నిలవడం కష్టం.

న్యాయవాది వద్దంది. పోరాడదామంది. నేరస్తుడన్న ముద్ర జీవితాంతం వదలదని, రేపు ఇంకోచోట పని దొరకడం కూడా కష్టమని జాలీ ముందు నిలబడి విడమరిచి చెప్పింది. రాకెట్ అంతా విన్నాడు.

"గెలుస్తామా అమ్మా?" అని అడిగాడు.

చట్టం చదివిన మనిషి అబద్ధం ఆడలేకపోయింది. "చెప్పలేను," అంది.

రాకెట్ అక్క వైపు తిరిగాడు. "అక్కా, నేనసలు ఆ వీధిలోకే వెళ్లలేదు కదా?"

"వెళ్లలేదురా. నీళ్లు తాగి వచ్చి కూర్చున్నావు."

"నువ్వు చూశావు కదా."

"చూశాను."

"అయితే చాలు," అన్నాడు వాడు. "నాకే మధ్యమధ్యలో అనుమానం వస్తోంది. అందరూ పరుగెత్తావు, పరుగెత్తావు అంటుంటే."

వాయిదా నాడు కోర్టు హాల్లో దారాలక్క చివరి బెంచీ మీద కూర్చుంది. రాకెట్‌ను తెచ్చి బోనులో నిలబెట్టారు. మేజిస్ట్రేటు మర్యాదస్తుడు, కాగితాలు పూర్తిగా చదివి, తల ఎత్తి, చట్టం అడగమన్న ప్రశ్నను చట్టం అడగమన్నట్టే అడిగాడు. ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వచ్ఛందంగా, పర్యవసానం తెలిసే నేరాన్ని అంగీకరిస్తున్నావా?

రాకెట్ వెంటనే జవాబు చెప్పలేదు. వాడు దేనికీ వెంటనే జవాబు చెప్పడు. ఆలోచించాడు. మేజిస్ట్రేటు ఎదురుచూశాడు. గుమాస్తా గడియారం చూసుకున్నాడు. ప్రభుత్వ న్యాయవాది గొంతు సవరించుకున్నాడు. రాకెట్ మెల్లగా మెడ తిప్పి, అంతమంది తలల మీదుగా, చివరి బెంచీ వైపు చూశాడు.

వాడు ఆ రోజు ఎక్కడున్నాడో చూసిన మనిషి ఆ హాల్లో ఆమె ఒక్కతే. ఆ ముఖాన్ని తెర మీద కొంగుతో తుడిచిన మనిషి.

దారాలక్క తల ఊపింది.

"అవునండి," అన్నాడు రాకెట్.

ఆ రోజు ఆమె పనికి వెళ్లలేదు. కార్ఖానాలో ఆమె స్టూలు ఖాళీగా ఉంది. మూడో కెమెరా ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆ ఖాళీ స్టూలును చూసింది, నల్లపెట్టె దాన్ని పొల్లుపోకుండా రాసుకుంది. ఈపాటికి అదీ చెరిగిపోయి ఉంటుంది.